హుసేనప్ప బాగుచెయ్యనన్న ఫ్రిజ్

ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో హుసేనప్ప ముప్పై ఏళ్ళుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. తండ్రి మగ్గం మీద బతికినవాడు. ఆ మగ్గం గుంటలో కూర్చోలేక కొడుకు పద్దెనిమిదో ఏట ఆదోని వెళ్ళిపోయాడు. అక్కడ ఒక ఐసు ఫ్యాక్టరీలో కుదిరి, గ్యాసు సంగతి, కంప్రెసరు సంగతి నేర్చుకుని తిరిగొచ్చాడు. ఇటు నందవరం, అటు కోడుమూరు, ఆయన స్కూటరు వెళ్ళని ఊరు లేదు.

ఆయనకో పట్టుదల ఉండేది. బతికే అవకాశమున్న ఫ్రిజ్‌ను ఎవరినీ పారేయనిచ్చేవాడు కాదు. ఇంట్లో అడుగుపెట్టగానే ముందు ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి చూసేవాడు.

“ఈ జాలీకి పట్టిన దుమ్ము సూడు. ఇంత దుమ్ము కప్పుకుంటే దానికి ఊపిరాడతాదా? గోడకు జానెడు దూరం జరపండప్పా!”

తర్వాత తలుపు సందులో కాగితం ముక్క పెట్టి, తలుపు మూసి లాగేవాడు. కాగితం సులువుగా జారి వచ్చేస్తే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పోయినట్టే. రబ్బరు మార్చి ఊరుకునేవాడు కాదు. గడ్డకట్టిన ఐసును కత్తితో గీకవద్దని, గీకితే లోపలి గొట్టం తెగి గ్యాసంతా పోతుందని, స్విచ్ ఆపి దానంతటదే కరగనివ్వమని ఇంటిల్లిపాదికీ చెప్పి మరీ బయల్దేరేవాడు. చివరగా నడిమి అరలో అరచెయ్యి పెట్టి, కాసేపు కళ్ళు మూసుకుని, “సల్లగుంది, పో” అనేవాడు. ఆ మాట అన్నాడంటే ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

గోనెగండ్ల దగ్గరి పల్లెలో హులిగమ్మ అని, రెండు పాడి ఎనుములు పెట్టుకుని పెరుగు అమ్ముకునే మనిషి. ఆమె ఇంట్లోని ఆకుపచ్చ ఫ్రిజ్‌కు పద్దెనిమిదేళ్ళు. రెండేళ్ళ కిందట ఆమె కొత్తది కొందామని ఎమ్మిగనూరు వచ్చి, దుకాణం మెట్ల దాకా వెళ్ళి, హుసేనప్ప కనబడితే ఒక మాట అడిగింది.

“కొత్తదెందుకమ్మా? ఇప్పటివి ఐదేండ్లు పనిచేస్తే గొప్ప. నీ పాతది రాయి మాదిరుంది. నేనుండాను గదా!” అన్నాడాయన. హులిగమ్మ మెట్లు దిగి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ ఫ్రిజ్‌లో ఆమె పెరుగు ఒక్కటే ఉండేది కాదు. పక్కింటి సుంకమ్మది ఒంటి గది రేకుల కొట్టం. కూలికి పోయే ఆ ముసలామెకు సుగర్. ఆమె సూదిమందు సీసాలు కూడా హులిగమ్మ ఫ్రిజ్‌లోనే ఉండేవి.

ఈ ఏడు జనవరిలో ఫ్రిజ్ చల్లదనం తగ్గితే హుసేనప్ప వచ్చి గ్యాసు పట్టించాడు. మార్చిలో మళ్ళీ పట్టించాడు. అప్పుడే హులిగమ్మ రెండు సంగతులు చెప్పింది. పెరుగు పొద్దుటికల్లా పులిసిపోతోందట. మోటరు రాత్రీ పగలూ ఆగకుండా మోగుతోందట. హుసేనప్ప అరలో చెయ్యి పెట్టి చూశాడు.

“ఎండాకాలమమ్మా, అట్లనే ఉంటాది. సల్లగుంది, పో.”

ఏప్రిల్ మూడో వారంలో సుంకమ్మ కొళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. ఆటోలో ఎమ్మిగనూరు ఆసుపత్రికి తెచ్చారు. సుగర్ నాలుగు వందలు దాటి ఉంది. రోజూ సూది తప్పకుండా వేసుకుంటున్నానని ఆమె చెప్తే, నర్సు అడిగింది: “మందు యాడ పెడతాండావవ్వా?” ఫ్రిజ్‌లోనని చెప్పారు. “ఆ ఫ్రిజ్ సరిగ్గా సల్లగుందా?” అందామె.

హులిగమ్మ ఆసుపత్రి వరండాలోంచే హుసేనప్పకు ఫోన్ చేసింది. కోపం లేదు ఆ గొంతులో.

“అన్నా, ఫ్రిజ్ సల్లగుందనే గదా నువ్వు సెప్పినావు? ఈడ నర్సమ్మ అడుగుతాంది. ఏం సెప్పల్ల?”

హుసేనప్ప స్కూటరు తీశాడు. మందుల దుకాణంలో టీకా మందుల పెట్టెలో పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి అడిగి తీసుకున్నాడు. అన్నేళ్ళలో ఆయన అలాంటిది చేతపట్టడం అదే మొదటిసారి. పల్లెకు వెళ్ళి, గ్లాసెడు నీళ్ళలో దాన్ని వేసి, ఫ్రిజ్ నడిమి అరలో పెట్టి, తలుపు తియ్యవద్దని హులిగమ్మకు చెప్పి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూస్తే పద్నాలుగు డిగ్రీలు. ఆ మందు ఎనిమిది దాటకూడదు; వేడిలో నెలలుంటే దాని బలం తగ్గిపోతుంది. ఎండన పడి వచ్చిన అరచేతికి పద్నాలుగైనా చల్లగానే ఉంటుంది.

మోటరు మోగుతూనే ఉంది. దాని మీద చెయ్యి ఆనించలేనంత వేడి. ఫ్రిజ్ అడుగున తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది. గొట్టం లోపలెక్కడో, ఫ్రిజ్ గోడల మధ్య కారుతోందని ఆయనకు మార్చిలోనే అనుమానం వచ్చింది. రెండు నెలలకే గ్యాసు అయిపోయిందంటే ఇంకేం అర్థం? కానీ పద్దెనిమిదేళ్ళ బండిని తానే నడిపిస్తున్నాననే మురిపెం ఆ అనుమానాన్ని నోటిదాకా రానివ్వలేదు.

“మల్లా గ్యాసు పట్టిస్తావా?” అంది హులిగమ్మ.

“లేదమ్మా. దీన్ని నేను ముట్టను. దీని పనైపోయింది. రెండేండ్ల కింద నువ్వే కరెక్టు, నేనే అడ్డం పడినా.”

అక్కడినుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. సుంకమ్మ మంచం పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె విని, కొంగు సర్దుకుంది.

“నా మీద పగబట్టి సేసినావా ఏంది? ఆ మొగం అట్ల పెట్టుకోవద్దు. మందు మంచిగుండేటట్టు సూడు. నేను బిన్నె, రేపో ఎల్లుండో, ఇంటికి పోవల్ల, మేకలకు నీళ్ళు పెట్టే దిక్కు లేదాడ.”

ఆ మాటతో తేలికపడతాననుకున్నాడు గానీ పడలేదు. వారం దాకా ఎవరి ఇంటికీ పనికి వెళ్ళలేకపోయాడు. ఆ వారంలోనే హులిగమ్మతో పాటు దుకాణానికి వెళ్ళి, కొత్త ఫ్రిజ్ ఎంపిక చేయించి, దగ్గరుండి పెట్టించాడు. గోడకు జానెడు దూరం తానే కొలిచాడు. ఒక రోజంతా ఆడనిచ్చి, థర్మామీటరు ఐదు చూపించాకే సుంకమ్మ కొత్త సీసాలను నడిమి అరలో పెట్టాడు. తలుపు అరలో పెట్టవద్దని, ఐసు గదిలో అసలే వద్దని ఇద్దరికీ చెప్పాడు. సుంకమ్మ అప్పటికే ఇంటికి వచ్చింది. వానలు పడి విత్తనాలు మొదలయ్యేసరికి కూలికి కూడా వెళ్ళసాగింది.

హుసేనప్ప పని తీరు మారింది. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా థర్మామీటరు అంకె చూడనిదే మాట్లాడడు. ఏడాదిలో రెండుసార్లు గ్యాసు పట్టించిన పాత ఫ్రిజ్‌కు మూడోసారి పట్టించడు. కొందరు, “నువ్వేందప్పా, దుకాణమోళ్ళతో కలిసినావా?” అని మొహం మీదే అంటారు. మాట పడతాడు.

మొన్న ఆదోనిలో పత్తి వ్యాపారుల ఇంటి కోడలు రాజేశ్వరి ఫోన్ చేసింది. నాలుగేళ్ళ ఫ్రిజ్ చల్లబడడం లేదట, కొత్తది ఏది కొనాలో చెప్పమంది. వెళ్ళి చూశాడు. రబ్బరు నిండా పిండి మరకలు, ఒక మూల చీలిక. వెనక జాలీకి దూది పొర. తలుపు అంచును గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, చీలిన రబ్బరు మార్చి, జాలీ దులిపాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అంకె చూస్తే నాలుగు.

“అయితే ఇంకెన్నాళ్ళొస్తుందన్నా?” అందామె.

“నేనెట్ల సెప్పేదమ్మా? నెలకొకసారి వెనకాల దులుపు. తేడా వస్తే నాకు ఫోన్ సెయ్యి, వచ్చి సూస్తా” అని హుసేనప్ప సంచి సర్దుకుని బస్సుకు బయల్దేరాడు.