పెట్టుడు టువ్వాల

కోరుట్లల మా కొత్తిల్లు. గృహప్రవేశానికి అచ్చిన మొగోళ్ల భుజాల మీద టువ్వాల కప్పాలె. కప్పకుంటే మా అమ్మ లెక్కల ఇల్లు కట్టనట్టే. అమ్మ తమ్ముడు, అంటే మా మామ, సిరిసిల్లల నాలుగు సాంచాలు నడుపుతడు. కరెంటు మగ్గాలను మాకాడ సాంచాలంటరు. అవి నడుస్తుంటే పక్క మనిషి తిట్టినా ఇనరాదు, అందుకే మామ సంసారం సల్లగున్నది.

"టువ్వాలలు నేను నేసిస్త అక్కా. సాంచాలకు పని లేదని తెలిసి పాత ఇనుము సేటు నా గడప కాడనే తిరుగుతుండు" అన్నడు మామ.

"అట్లనే తమ్మీ" అన్నది అమ్మ. అని, ఫోన్ల అగ్గువకు దొరికినయని సముద్రం అవతలి దేశం నుంచి తెప్పించింది.

డబ్బా ఇప్పినం. ఫోన్ల బొమ్మ చూస్తే ఒళ్లంతా చుట్టుకునే టువ్వాల, డబ్బాల చూస్తే చేతిరుమాలు. పెదనాయిన భుజం మీద ఏస్తే పెరుగన్నం తినే పిలగాని లెక్క కనవడ్డడు.

"నేసినామెకు కూలి గూడ గీ సైజులనే ఇచ్చిండ్రేమో" అన్న నేను.

అమ్మ నవ్వలే. బీడీలు చుట్టి మమ్ముల సాదిన మనిషి, కూలి మాట తగుల్తది. ముహూర్తానికి ఇంకా వారమున్నది. తమ్మునికి ఫోన్ చేసింది.

మామ టువ్వాలల మూటతోని అచ్చిండు, మూటకంటే పెద్ద ఉపన్యాసంతోని. "అందరు ఫోన్లనే కొంటే మా సాంచాలేం గావాలె? ఎవల కడుపు కొడుతున్నరో సోయి ఉన్నదా?"

"అంగీ మంచిగుంది మామా, ఎక్కడిది?"

మామ కాలర్ సర్దుకున్నడు. "ఫోన్లదే అల్లుడా. అగ్గువకచ్చింది."

మా ఒక్క ఇంటి గిరాకితోని నాలుగు సాంచాలు నిలవడయి. రెండింటిని సేటు లారీకెక్కించిండు. మామ వాటికి పసుపు కుంకుమ పెట్టి పంపిండట. మిగిలిన రెండు ఎన్నాళ్లుంటయో తెల్వదు.

మొన్న అమ్మ, మామ, నేను జగిత్యాలల ఒక దావత్‌కు పోతే నాకు టువ్వాల పెట్టిండ్రు. పక్కనున్న మామ అంచు పట్టి చూసి, "ఇది నేను నేసిందే!" అని మురిసిండు. మూలకు మా అమ్మ పెట్టిన పసుపు బొట్టు గూడ అట్లనే ఉన్నది. మా దిక్కు పెట్టుడు టువ్వాలను ఎవలు వాడరు, దాచి ఇంకొకలకు పెడుతరు. మా ఇంట్ల బయలెల్లింది ఎన్ని ఇండ్లు తిరిగిందో, మడత ఇప్పకుంట మల్ల నాకే అచ్చింది.

మామ మొఖం వాడింది. "సముద్రం అవతలోళ్లను తర్వాత తిడుదాం అక్కా. మీరు వాడకుంట గిట్ల తిప్పుతుంటే కొత్తయి నన్నెవలు అడుగుతరు?"

అమ్మ నా భుజం మీది టువ్వాల గుంజి, మడత ఇప్పి, అందరి ముంగట చెయ్యి తుడుసుకున్నది. చుట్టున్న ఆడోళ్లు దేవుని పటం కింద పడ్డట్టు చూసిండ్రు.

ఆ రెండు సాంచాలు ఇంకా మోగుతున్నయి. మామ టువ్వాలలు జల్ది అరగాలని నా వంతు నేను గూడ చేస్తున్న. రోజు రెండుసార్లు తానం.