గంగమ్మ ముఖం మీది పసుపు

ఆటోనగర్‌లో తాతబాబు షెడ్డు దగ్గరికి వెళ్తే ముందు వినిపించేది అతని విసుగే. రబ్బరు అచ్చు గట్టిపడకపోతే వానను తిట్టేవాడు, గట్టిపడితే తొందరపడిందని రబ్బరును తిట్టేవాడు. చేపలు పట్టే ఇంట పుట్టి, ఫైబర్ పడవలకు అచ్చులు పోయడం నేర్చి, అదే పనితనంతో విగ్రహాలకు దిగాడు. పక్క షెడ్డులో లేతు మిషను నడిపేవాణ్ణి, పైగా అతని చెల్లెలి మొగుణ్ణి కనుక ఆ తిట్లలో నాకూ వాటా ఉండేది.

2009లో వాళ్ల పేట గంగమ్మకు కష్టమొచ్చింది. తాతల నాటి చెక్క విగ్రహం ఉప్పుగాలికి డొల్లబోయింది. కొత్తది చెక్కిస్తామంటే పేట ఒప్పుకోదు, అదే ముఖం కావాలి. దాని మీదే రబ్బరు పోసి లాగితే పొడిపొడైపోతుంది. అందుకని అచ్యుతాపురంలో యంత్రభాగాలను స్కానరుతో కొలిచే రమణమూర్తిని తాతబాబు బతిమాలి పిలిచాడు. ముట్టుకోకుండా కొలిచి, ఆ కొలతలతో హైదరాబాదులో ప్లాస్టిక్ బొమ్మగా త్రీడీ ప్రింటు తీయించి, ఆ ప్రింటు మీంచి అచ్చు తీయాలని ఏర్పాటు.

ముఖానికి మెత్తిన పసుపు తీసి ఉంచమని అమ్మవారిని కనిపెట్టుకునుండే చిట్టమ్మకు మూడుసార్లు చెప్పాడు. తీరా వెళ్లేసరికి ఆవిడ ఇంకాస్త పసుపు మెత్తి కూర్చుంది!

"ఏటి పిన్నీ ఇది? నాను సెప్పిందేటి, నువ్వు సేసిందేటి?"

"పైవోళ్లు సూడ్డానికొత్తంటే అమ్మోరిని బోసి మొకంతో కూకోబెడతానేటిరా?"

రమణమూర్తికి సెలవు ఆ ఒక్కరోజే. ఉన్నదున్నట్టు కొలుచుకుని పోయాడు. నెల తర్వాత ప్రింటు వచ్చింది. గవదబిళ్లలొచ్చిన పిల్లలా బుగ్గలు, అందులోనూ కుడిది మరీ ఎత్తు. తాతబాబు దాన్ని మూలకు విసిరేసి, తడిగుడ్డ పట్టుకుని నన్నూ లాక్కుని పేటకు బయల్దేరాడు.

చిట్టమ్మ అడ్డురాలేదు. చెవి దగ్గర చిన్న పెచ్చు ఊడదీశాడో లేదో, లోపల్నుంచి చెక్కపొట్టు రాలింది. వేలు పెట్టి చూశాడు. బుగ్గ లేదు, ముక్కు లేదు. ఉన్నదంతా పసుపే.

"లోపల మొకం నేదు పిన్నీ," అన్నాడు.

"మాయత్త నాటికే నేదురా. మొగోళ్లు సంద్రం మీద ఏటకెళ్లినప్పుడల్లా ఆడోళ్లం మెత్తిందే ఆ మొకం. ఆ కుడి బుగ్గ మీ యమ్మదే. మీ నాన ఇంటికొచ్చేదాకా మెత్తతానే ఉండేది."

తల్లి పోయి అప్పటికి పదేళ్లు.

"ఇప్పుడు సెప్తావేటి! ముందే సెప్తే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాడు కానీ, గుడ్డ కిందపెట్టి ఊడిన పెచ్చును తిరిగి తనే అతికించాడు.

షెడ్డుకొచ్చి మూలనున్న ప్రింటు తీసి తుడిచాడు. అచ్చు తీసేముందు నునుపు చెయ్యాలి కదా, రెండు బుగ్గలూ సమంగా ఉంటే బాగుంటుందని నేను గరుకు కాగితం అందుకున్నాను. చేతిమీద ఒక్కటేశాడు.

"ఆ బుగ్గ మాయమ్మది బావా. ముట్టుకోకు."