మేనేజ్‌మెంట్ సీటు

ఇంజనీరింగ్ పట్టా ప్రశాంతికి తెచ్చిపెట్టిన మొదటి ఉద్యోగం, తను చదివిన కాలేజీలోనే పిల్లల్ని చేర్పించే పని. బెంగళూరులో ఏడాదిన్నర ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, హాస్టలు ఖర్చుకు ఇక నాయన్ను అడగలేక ధర్మవరం వచ్చేసిన ఆమెకు ఆ కబురు తెచ్చింది మేనమామ సాయిప్రసాద్.

"హిందూపురంలో మన కాలేజీలోనే ఆఫీసు పని ఉండాది పాపా. రైలుకు పోయి రావచ్చు" అన్నాడు.

ఆ కాలేజీలో ఆమెకు సీటు ఇప్పించింది కూడా ఆయనే.

ప్రశాంతి నాయన సుబ్బన్న పట్టుచీరలు నేస్తాడు. అప్పట్లో ఇంట్లో రెండు సొంత మగ్గాలు ఉండేవి. కూతురు ఎంట్రన్స్ రాసి ర్యాంకు తెచ్చుకున్న ఎండాకాలం సాయిప్రసాద్ హడావిడిగా వచ్చాడు. "ఈ ర్యాంకుకు కౌన్సెలింగులో సీటు రాదు బావా. దానికోసం కాచుకోనుంటే ఉండే సీట్లు గూడా పోతాయి. మేనేజ్‌మెంట్ కోటాలో ఒకటి పట్టి పెట్టినా" అన్నాడు. సుబ్బన్నకు ర్యాంకుల సంగతి తెలియదు. బామ్మర్ది చదువుకున్నవాడు, నలుగురిలో తిరిగేవాడు. సరేనన్నాడు. మొదటి ఏడాది ఫీజుకు భార్య లక్ష్మీదేవి గాజులు పోయాయి. మూడో ఏడాదికి ఒక మగ్గం, ఆఖరి ఏడాదికి రెండోది పోయాయి. మగ్గాల గుంతలు పూడ్చి బండలు పరిచారు. సుబ్బన్న షావుకారు ఇంట్లో కూలికి నేయడం మొదలుపెట్టాడు.

ఉద్యోగంలో చేరిన వారంలో కొత్తవాళ్లందర్నీ కూర్చోబెట్టి మేనేజరు పని నేర్పాడు.

"కౌన్సెలింగు మొదలయ్యేలోపల ఇండ్లకు పోవల్ల. మంచి ర్యాంకు వచ్చినోళ్లను ముందు పట్టుకోండి. ఆగినారంటే వాళ్లకు కన్వీనర్ కోటాలో సీటొస్తాది, ఫీజు గవర్నమెంటే కడ్తాది. అప్పుడు మనకేమీ మిగల్దు, మీకు కమిషనూ ఉండదు."

ప్రశాంతి లేచి తన ర్యాంకు చెప్పింది. "దీనికి సీటు వస్తాండెనా సార్?"

"బాగా వస్తాండె. కంప్యూటర్ సైన్సే, మన కాలేజీలోనే. ఎవురిదమ్మా ఇది?"

"నాదే సార్."

"నిన్ను ఈడ చేర్పించిందెవురు?"

"మా మామ సాయిప్రసాద్."

"మన సాయిప్రసాదా!" అంటూ ఆయన తక్కినవాళ్ల వైపు తిరిగాడు. "చూడండప్పా, పని నేర్చుకుంటే ఆయన దగ్గర నేర్చుకోవల్ల. సొంత అక్క కూతుర్ని గూడా ఇడిసిపెట్టలా."

అందరూ నవ్వారు. ఆయన మెచ్చుకుంటూనే అన్నాడు ఆ మాట.

మర్నాడు ఆమెను పెనుకొండ పంపారు. చౌడక్క అనే రైతు కూతురికి ప్రశాంతి కన్నా మంచి ర్యాంకు వచ్చింది. చౌడక్క మజ్జిగ ఇచ్చి, ఎదురుగా చాప మీద కూర్చుని అడిగింది.

"నువ్వూ ఆడే చదివినావంట గదమ్మా. పెట్టిన దుడ్లకు తగిన చదువేనా?"

దానికి చెప్పాల్సిన జవాబు ఆఫీసులో నేర్పే పంపారు. ప్రశాంతి అది చెప్పలేదు.

"ల్యాదక్కా" అంది. "మా నాయన రెండు మగ్గాలు అమ్మినాడు. అమ్మే పనే ల్యాకుండె. తొందరపడాకు. కౌన్సెలింగు దాకా ఆగు. మీ పాపకు ఫీజు కట్టే పని లేకుండా సీటొస్తాది."

ఆ తర్వాత కాలేజీ తరఫున వచ్చిన ఇంకొకతనితో చౌడక్క దాపరికం లేకుండా ఇదే చెప్పింది. ప్రశాంతిని ఇక రావద్దన్నారు.

ఆ ఆదివారం సాయిప్రసాద్ ధర్మవరం వచ్చాడు. లక్ష్మీదేవి తమ్ముడికి, భర్తకు సంగటి వడ్డించింది.

"బంగారమట్లాంటి పని పోగొట్టుకొంటివి గదా పాపా" అన్నాడాయన.

"నా ర్యాంకుకు సీటొస్తాదని నీకు తెల్సు గదా మామా?"

సాయిప్రసాద్ ముద్ద చేస్తూ తల ఎత్తలేదు. "అందరూ చేసేదే. నేను కమిషను తీసుకోకుంటే ఇంగొకడు తీసుకుంటాడు. నీకైతే ఇంజనీరని పేరొచ్చె గదా."

సుబ్బన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఏమంటాంది ఈ పాప?" అని భార్య వైపు చూశాడు.

లక్ష్మీదేవి గిన్నె కింద పెట్టింది. "అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తవ్వేది? మాయమ్మ ఆపరేషన్‌కు వాడు పెట్టింది ఆ దుడ్లే."

ప్రశాంతి తల్లి వైపు తిరిగింది. "నీకెప్పుడు తెల్సు అమ్మా?"

"నువ్వు రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు చెప్పినాడు. అప్పటికే చేరిపోయింటివి. మీ నాయనకు చెప్పింటే వాని మొగం చూస్తాడా? నాకుండేది వాడొక్కడే."

రెండో సంవత్సరంలో మగ్గాలు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. మొదటిదాన్ని విప్పి బండికెక్కించిన రోజు తల్లి స్తంభానికి ఆనుకుని ఏడవడం ప్రశాంతికి గుర్తుంది. తన చదువు కోసమే అంత బాధ పడుతోందనుకుని, ఆ రోజు తనే తల్లిని ఓదార్చింది.

సుబ్బన్న లేచి చేయి కడుక్కున్నాడు. "తినిపో సాయీ" అని బామ్మర్దితో చెప్పి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. భార్యను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత కూడా అనలేదు. అన్నం పెట్టమనడం, నీళ్లు అడగడం తప్ప వాళ్లిద్దరి మధ్య మాటలే తగ్గిపోయాయి.

ప్రశాంతి ఇప్పుడు ధర్మవరంలోనే ఒక చీరల దుకాణంలో పనిచేస్తోంది. చీరలకు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది, ఆర్డర్లు చూసుకుంటుంది. ఏం చదివావని యజమాని అడగలేదు. సాయిప్రసాద్ ఆ ఇంటికి రావడం మానుకున్నాడు. లక్ష్మీదేవి మాత్రం పెరట్లోకి వెళ్లి తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతుంటుంది. భర్త చెప్పుల చప్పుడు వినపడితే పెట్టేస్తుంది.

కౌన్సెలింగు అయ్యాక చౌడక్క ఫోన్ చేసింది. కూతురికి అనంతపురంలో సీటొచ్చిందట. "నీ పేరు చెప్పుకుంటామమ్మా, చల్లగా ఉండు" అంటూ ఆమె చాలాసేపు మాట్లాడింది. ప్రశాంతి "మంచిదక్కా, బాగా చదవమను" అంది. మగ్గాల గుంతల మీద పరిచిన బండల్నే చూస్తూ ఫోన్ పెట్టేసింది.

"ఎవురు పాపా ఫోన్లో?" వంటింట్లోంచి తల్లి అడిగింది.

"దుకాణమోళ్లు" అని అబద్ధం చెప్పి, ప్రశాంతి ఫోన్ ఛార్జింగుకు పెట్టింది.