ఆవు వెనకాలే నా కూతురు

శుభ్రం అంటే ఏమిటో మా వదిన దగ్గరే నేర్చుకోవాలి. ఆనందపురంలో ఇల్లు కట్టుకుంది, నేలంతా అద్దంలాంటి టైల్స్ పరిచింది, ఇక ఆవిడ కళ్లు నెత్తికెక్కాయి.

గృహప్రవేశానికి మా పాపను విశాఖ నుంచి ఆటోలో తీసుకెళ్లాం. దానికి సెరిబ్రల్ పాల్సీ. పిక్కలు బిగుసుకుపోయి, మడమ నేలకు ఆనక, మునివేళ్ల మీద తూలుతూ ఉండేది. ఆస్పత్రిలో పిక్కల్లో ఇంజెక్షన్లు చేసి ఆ బిగువు సడలించారు. ఆ సడలింపు కొన్ని నెలలే ఉంటుందట, ఈలోపే నడక అలవాటు చెయ్యాలి. పాదం వాలిపోకుండా మోకాలి కింద నుంచి ప్లాస్టిక్ తొడుగులు, వాటి మీద బూట్లు. అవి ఉంటేనే అడుగు పడుతుంది. ఇన్నేళ్లూ ఏ శుభకార్యానికైనా మూటలా ఎత్తుకెళ్లిన పిల్ల, ఈసారి "నాను నడుసుకునే వత్తాను, అత్త సూడాలి" అని దారిపొడుగునా ఒకటే పాట.

అత్త చూసింది. బూట్లే చూసింది.

"ఏటే, కొత్తింట్లోకి జోళ్లతోటా? లచ్చిందేవొచ్చే గడప ఇది! తీసీ."

"తీసేత్తే పడిపోద్ది వదినా. ఈధిలో ఎప్పుడూ ఎయ్యలేదు, కొత్తవే," అంటూ బూట్ల అడుగులు నా చీర కొంగుతోనే తుడిచాను.

"అయితే ఎత్తుకో. ఇన్నాళ్లూ ఎత్తుకోలేదేటి?"

ఆవిడ సొంత తమ్ముడు, అంటే మా ఆయన, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు మామిడి తోరణాలు చూస్తూ నిలబడ్డాడు. ఛీ, ఏం మనుషులు! భయం వేస్తే పాప కాళ్లు మళ్లీ కర్రల్లా అయిపోతాయి. పక్కన నిలబడ్డ నాకు అవి బిగుస్తున్న సంగతి తెలుస్తూనే ఉంది.

అంతలో "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ ఆవును తోలుకొచ్చారు. అది బురద గిట్టలతో గడప దాటి, హాలు మధ్యలో ఇంత పేడ వేసింది. "శుభం, శుభం!" అని మా వదిన చేతులు జోడించి మురిసిపోయింది.

వాళ్లంతా మురుస్తుండగానే పాప నా చెయ్యి వదిలింది. ద్వారబంధం పట్టుకుని ఒక కాలు గడప దాటించి, రెండోది ఈడ్చుకుంది. మడమ ఆనింది. ఒక్కో అడుగే వేస్తూ ఆవు వెనకాలే వెళ్లింది. నాకు ఏడుపు ఆగలేదు.

మా వదిన పనిమనిషిని కేకేసింది. పేడను అలాగే ఉంచి, నా కూతురు అడుగు పెట్టిన చోటల్లా తడిగుడ్డతో తుడిపించింది. పాప అది చూడలేదు. నడుస్తూ వెనక్కి తిరగడం దానికింకా రాదు.