మేకు తీసేసిన బుట్ట

2023 ఫిబ్రవరి 14. పదమూడు గుడ్లకు రెండు పిల్లలు. పులివెందుల నుంచి లింగాల వెళ్ళే దారిలోని పల్లెలో, పెరటికోళ్ళ సర్వేకు వెళ్ళిన నా ఎదుటే సారమ్మ పొదుగుబుట్ట తెరిచింది. మిగిలిన గుడ్లను ఒక్కొక్కటే పగలగొట్టి చూపింది. లోపల సగం పెరిగి చచ్చిన పిండాలు.

నలభై ఏళ్ళుగా ఊరివాళ్ళు గుడ్లు తెచ్చి ఆమె చేతే పొదిగేయిస్తారు. పదమూడింట పదకొండు పిల్లలకు తగ్గేవి కావు. ఆ చేతివాసే ఆమె పరువు. అక్టోబరులో పక్క మిద్దె మీద సెల్ టవరు లేచింది. తరువాత మూడు బుట్టలు వరసగా చెడ్డాయి. సారమ్మ చేతివాసి పోయిందని పొరుగింటి శివమ్మే నలుగురిలో అన్నది.

టవరు తరంగాల వల్లే గుడ్లు చెడుతున్నాయని సారమ్మ ఫిర్యాదు చేస్తే టవరు కంపెనీ మనిషి వచ్చాడు. తరంగాలు కొలిచే పరికరం తేలేదు.

"కోడి సరిగ్గా కూర్చోలేదేమోనమ్మా."

"అట్లయితే నువ్వే కూర్చోప్పా, ఇరవై ఒక్క దినాలు. గుడ్లు నేను సర్దిపెడతా."

అతడు బుట్టలోకి వంగాడు. ఉరుములకు గుడ్లు చెడకుండా గడ్డిలో గుచ్చిన ఇనుప మేకు కనిపించింది. నవ్వుతూ ఫోటో తీసుకొని, కాగితం మీద "మూఢనమ్మకం" అని రాసి వెళ్ళిపోయాడు.

కోడిపిండాలపై ఈ తరంగాల ప్రభావం గురించి పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. అందుకే కొలవాలి. కొలవకుండానే తీర్పు రాసిన ఆ కాగితాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

"మేకు తీసేస్తా పాపా. నవ్వేదానికి వానికి ఏమీ మిగలగూడదు" అంది సారమ్మ.

ఒకే ఇంటి గుడ్లు ఇరవయ్యారు తెచ్చి, బొగ్గుతో గుర్తులు పెట్టి, రెండు కోళ్ళ కింద పదమూడేసి సర్ది, ఒక బుట్ట ఇంట్లో, మరొకటి టవరుకు దూరాన ఆమె చెల్లెలి చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో, ఉంచాము. మార్చి 13న తోటలో పన్నెండు పిల్లలు, ఇంట్లో మూడు. ఇది ఋజువు కాదనీ, కొలవమని అడగడానికి చాలుననీ కంపెనీకి రాసి పంపాను.

"రెండు కోళ్ళూ వేరు కదా మేడం" అని ఆ కంపెనీ మనిషి ఫోన్లో జవాబిచ్చాడు.

సారమ్మ ఫోను లాక్కుంది. "కోళ్ళను మారుస్తా, వచ్చి చూడు! యాడ దాక్కున్యావు?"

మరుసటి వారం కంపెనీ మనుషులు వచ్చారు. ఏమీ కొలవకుండా, టవరుకు ఇంకో యాంటెనా పెట్టె బిగించి పోయారు. ఇక ఇంట్లో పొదిగేసేది లేదని, సారమ్మ పొదుగుకొచ్చిన వేరే రెండు కోళ్ళను చంకల్లో ఇరికించుకొని తోటకు నడిచింది. వెనకనే శివమ్మ, కొంగులో పదమూడు గుడ్లతో.

"పొదిగేస్తావా సారమ్మా?"

"నా చేతివాసి పోయిందంటివి గదక్కా?"

"అన్న నోరు నాదే. తిట్టు."

తోట గట్టు దాకా తిట్టి, సారమ్మ గుడ్లు అందుకుంది. గడ్డి సర్ది, నడుమున దోపుకున్న మేకు తీసి మళ్ళీ బుట్టలో గుచ్చింది.