గోంగూర తుంచుతూ ఎంచిన నాటకం

మొన్న తెనాలిలో ఒక సందు మొగలో, నోట్లో సగం, చేతిలో సగం మిరపకాయ బజ్జీతో నిలబడి ఉండగా, పై మేడలోంచి హార్మోనియం వినిపించింది. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నారు. ఒకే మెట్టు మీద వేలు పెట్టి, ఆ మెట్టు తమ పిత్రార్జితమైనట్టు వదలడం లేదు. పెట్టెకు ఉబ్బసం కూడా ఉన్నట్టుంది. అయినా సరే, ఆ శ్రుతి చెవిన పడగానే నా గొంతు నన్నొక్క మాటైనా అడగకుండా "ఆ..." అని అందుకుంది. బజ్జీ అడ్డం పడింది. కళ్ళలోంచి కృష్ణా కాలువ పారింది. "నీళ్ళు తాగండి బాబుగారూ, కారం ఎక్కువైందా ఏంటి?" అంది బజ్జీల బండి దగ్గరి ఆవిడ. కారం కాదమ్మా, రజియా మేడమ్ అని చెబితే ఆవిడకు అర్థం కాదు. అందుకని మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రజియా మేడమ్ బాపట్లలో మా ఆఫీసు సూపరింటెండెంటు. నేను ఆవిడ కింద జూనియర్ అసిస్టెంటుని. మనిషి పొట్టి. కుర్చీలో కూర్చుంటే బల్ల మీద కళ్ళజోడు మాత్రమే కనిపించేది. గొంతు సంగతి వేరు. ఆవిడ బాపట్లలో "ఫైలేదయ్యా?" అంటే అప్పికట్లలో గుమాస్తాలు లేచి నిలబడేవారని చెప్పుకునేవారు. నేను నమ్మాను, ఎందుకంటే ఆ మాట పుట్టించింది నేనే. మా ఇద్దరి ఇళ్ళూ తెనాలిలోనే. ఐతానగర్‌లో వాళ్ళ నాన్నగారికి లేతు మిషన్ల షాపు ఉండేదట. పొద్దున ప్యాసింజర్లో బాపట్ల వెళ్ళి, సాయంత్రం ప్యాసింజర్లో తెనాలి వచ్చే సీజన్ టికెట్ల సంతతిలో మేమూ ఉన్నాం. సాయంత్రం బండి ఎక్కగానే ఆవిడ ఒళ్ళో న్యూస్‌పేపర్ పరుచుకుని, సంచీలోంచి గోంగూర కట్ట తీసి, ఆకు తుంచడం మొదలుపెట్టేవారు. తెనాలి వచ్చేసరికి ఇంటికి కావలసిన కూరా, బండిలో పుట్టిన తగాదాలకు తీర్పూ రెండూ సిద్ధమయ్యేవి.

ఇక నా సంగతి. నాకు నత్తి. అలాంటిలాంటిది కాదు, మాట మొదట్లో ప, భ, త అక్షరాలు కనిపిస్తే నాలుక ధర్నాకు కూర్చునేది. అలాంటివాడికి మావాళ్ళు వెతికి వెతికి పెట్టిన పేరు పట్టాభి. భట్టిప్రోలులో మేనత్త ఇంటికి వెళ్ళాలంటే కండక్టరుకు ఆ ఊరి పేరు చెప్పలేక, నోరు తిరిగే రేపల్లెకు టికెట్టు తీసుకుని మధ్యలో భట్టిప్రోలులో దిగిపోయేవాణ్ణి. హోటల్లో పాలు అడగలేక "గేదె ఇచ్చేది ఒక గ్లాసు" అన్న రోజులున్నాయి. ఒక్క ముక్కతో పోయేదానికి ఊరంతా తిప్పి చెప్పడం నాకు అలా అబ్బింది. ఇప్పుడు దాన్ని శైలి అంటున్నారు, నేనూ కాదనడం లేదు.

మా బండిలో ఒక నాటక సమాజం ఉండేది. పెట్టె నిండా ఉద్యోగులూ, ఉద్యోగుల నిండా నటులూ. వేసేవన్నీ సాంఘిక నాటకాలే. ఒక సోఫా, ఒక టీపాయ్, చివర్లో కుప్పకూలే ఒక తండ్రి. ఆ తండ్రి ఎప్పుడూ కోటేశ్వరరావు గారే. బ్యాంకులో క్యాషియరు. ఆయన "అమ్మా!" అని కేక పెడితే ముందు వరసలో చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారు, అది చూసి ఆయన తన నటన పండిందనుకునేవారు. ఒక్కటే లోపం, మాటలు గుర్తుండేవి కావు. నేను పక్క తెర చాటున నిలబడి అందించేవాణ్ణి. నత్తివాడు ప్రాంప్టరేంటని మీరు అడగవచ్చు. గుసగుసకు నత్తి ఉండదండి. గొంతు తగ్గిస్తే నా నాలుక ఆవు నెయ్యి రాసినట్టు జారేది. అన్ని నాటకాలూ, అన్ని పాత్రలూ, దగ్గులతో సహా నాకు కంఠస్థం. ఒక్కసారి తెరకు అవతల, దీపాల వెలుతురులో నిలబడి పైకి మాట్లాడాలని ఉండేది. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా అందులోనూ ప, భ, త ఉన్నాయి.

బాపట్లలో ఒక నాటకం వేసినప్పుడు కోటేశ్వరరావు గారు మూడో రంగం పూర్తిగా మరిచిపోయారు. ఆయన పెదాలు ఆడిస్తుంటే మొత్తం ప్రసంగం నేనే గుసగుసగా చదివాను. తెర వెనక స్టూలు మీద కూర్చుని సమాజం పనులు చూసుకునే రజియా మేడమ్ నాటకం వైపు చూడటం మానేసి నన్నే చూస్తున్నారు. మర్నాడు ఆఫీసులో రికార్డు రూముకు పిలిచారు.

"ఒక పద్యం పాడవయ్యా."

"నా... నాకు..."

"మాట్లాడమన్నానా? పాడమన్నాను."

చిన్నప్పుడు మా తాతయ్య దగ్గర విన్న పద్యం ఒకటి కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాను. ప వచ్చింది, భ వచ్చింది, త కూడా ఒత్తులతో సహా వచ్చి మర్యాదగా వెళ్ళిపోయింది. కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో అటెండరూ, వాడి వెనక సంతకం కోసం వచ్చిన పిట్టలవానిపాలెం రైతులూ ఉన్నారు. మేడమ్ కళ్ళజోడు తుడుచుకున్నారు. "శ్రుతి ఉంది. బుద్ధే లేదు. ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఆ గుడ్డ వెనక ఏం చేస్తున్నావయ్యా?" అన్నారు. తరవాత ఏం జరగనట్టు ఫైలు అడిగారు.

ఆ సాయంత్రం బండి బాపట్ల దాటకముందే నాటకం ఎంపిక మీద సభ మొదలైంది. రేపల్లెలో నాటకాలు వేయించేవాళ్ళు మమ్మల్ని పిలిచారు. కోటేశ్వరరావు గారు అప్పటికే కొత్త సాంఘికం ఒకటి ఎంచి ఉంచారు, అందులో తండ్రి రెండుసార్లు కుప్పకూలతాడు. మేడమ్ గోంగూర కట్ట విప్పుతూ, "ఈసారి సంగీత నాటకం వేద్దాం" అన్నారు. ఆ దెబ్బకు బండి అప్పికట్లలో ఆగింది.

"మేడమ్ గారండీ, ఈ రోజుల్లో పద్యాలు ఎవరు వింటారండి? సెల్‌ఫోన్లు వచ్చేశాయి," అన్నారు కోటేశ్వరరావు గారు.

"రేపల్లెలో వింటారు."

"కిరీటాలూ, గదలూ ఎక్కడినుంచి తెస్తామండి? మన దగ్గర ఉన్నది సోఫా ఒక్కటే."

"సోఫాకు జరీ గుడ్డ కప్పితే సింహాసనం. దాని మీద మీరే కూర్చుంటారు, రాజు మీరే."

రాజు అనేసరికి ఆయన మీసం మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. అయినా లొంగలేదు. "ఏం నాటకం?" అన్నారు అనుమానంగా.

మేడమ్ చెప్పారు. అమృతలూరు వైపు ఎవరో ఎప్పుడో రాసింది, అచ్చు కాలేదు. చిన్నప్పుడు నాన్న సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని ఊరూరా తిరిగి ఎన్నిసార్లు చూశారో, మొత్తం ఆవిడకు నోటికి వచ్చు. ఒక రాజు కాలువ నీళ్ళన్నీ తన తోటలకు మళ్ళించుకుంటాడు. చివరి ఊరు ఎండిపోతుంది. ఊరివాళ్ళు తమ తరఫున రాజును అడగడానికి ఒక బైరాగిని పంపుతారు. బైరాగి మాట్లాడడు, అంతా పద్యాల్లోనే అడుగుతాడు. "ఆ బైరాగి పట్టాభి," అని ఒక కాడ కిటికీలోంచి బయటికి విసిరారు.

నవ్వకూడదని అందరూ చాలా ప్రయత్నించారు. చివరికి ఎవరు మొదలుపెట్టారో గాని, నిడుబ్రోలు దాకా నవ్వు సాగింది. కోటేశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు, అది ఇంకా ఘోరం. "తమ్ముడూ, నీమీద కోపం కాదు. నువ్వు స్టేజీ మీద ఆగిపోతే మన సమాజం పరువు రేపల్లె కాలువలో కలుస్తుంది. మేడమ్ గారూ, ఒక్క షరతు. ఇది గనక బెడిసికొడితే ఇక నాటకాలు నేను ఎంచుతాను, ఇతను తెర వెనకే ఉంటాడు," అన్నారు.

"సరే," అన్నారు మేడమ్. చుండూరు వచ్చేసరికి గోంగూర అయిపోయింది, నాటకం ఖాయమైపోయింది. నా ప్రాణాలు మాత్రం బాపట్ల స్టేషన్లోనే ఉండిపోయాయి. దిగేటప్పుడు ఆవిడ నా చెవి దగ్గర, "నీ కోసమని పొంగిపోకు. నాకు చచ్చేలోగా ఆ పద్యాలు మళ్ళీ వినాలని ఉంది, అంతే," అన్నారు. నేను సగం నమ్మాను. మిగతా సగం ఇప్పటికీ నమ్మలేదు.

రిహార్సళ్ళు మేడమ్ వాళ్ళ డాబా మీద. హార్మోనియం వీరాస్వామి మాస్టారిది. ఆయన వాయిస్తూ కళ్ళు మూసుకుంటే నిద్రో తన్మయత్వమో తేల్చడం దేవుడివల్ల కూడా కాదు. నాకు పద్యాలన్నీ వచ్చాయి. మేడమ్ ఇంట్లోంచి సేమ్యా గిన్నెతో పైకి వస్తూ, "రెండో పాదంలో ఏడుస్తున్నావేంటయ్యా? నీళ్ళు అడుగుతున్నావు, అడుక్కోవడం లేదు," అని మెట్ల మీదినుంచే దిద్దేవారు. అంతా బాగుందనుకుంటుండగా ఒక గండం బయటపడింది. ఆ మహారచయిత బైరాగి చేత నాటకమంతా పాడించి, సభలోకి రాగానే ఒక్క వాక్యం మాత్రం మామూలు మాటగా రాసి చచ్చాడు. "ప్రభూ, మా పొలానికి నీళ్ళు రాలేదు." ప్రపంచంలో ఇన్ని అక్షరాలుంటే ఆయనకు ప్ర, పొ తప్ప దొరకలేదు. తీసేద్దామని బతిమాలాను. "ఆ మాట వింటేగాని నేను సింహాసనం మీంచి లేవలేను. అది నా క్యూ," అన్నారు కోటేశ్వరరావు గారు. మేడమ్ నన్ను వెనకేసుకొస్తారనుకున్నాను. "ఉండాల్సిందే. ఆ మాట కోసమే ఈ నాటకం," అన్నారు. ఆ రాత్రి ఆవిడ పెట్టిన సేమ్యా తినకుండా వెళ్ళిపోయి, నా జీవితంలో అతి పెద్ద నిరసన నమోదు చేశాను.

రేపల్లెలో జనం ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. లెక్కపెట్టి చెప్పమంటే చెప్పను, నాకు లక్షమందిలాగే కనిపించారు. ముందు వరసల్లో పంచెలు కట్టిన రైతులు. రేపల్లె వైపు పొలాలంటే కాలువకు ఆఖరు పొలాలు. పైన ఊళ్ళన్నీ తడిశాక మిగిలితే వీళ్ళకు నీళ్ళు. ఆ ఏడు ఇంకా రాలేదు, నారుమళ్ళు ఎండుతున్నాయి. ఆ సంగతి నాకు తెలియదు. మేడమ్‌కు తెలుసు.

కాషాయం కట్టి, ఏక్‌తారా పట్టుకుని సభలోకి వెళ్ళాను. జరీ సోఫా మీద కోటేశ్వరరావు మహారాజు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. నేను నోరు తెరిచాను. ప్ర రాలేదు. పెదాలు మూసుకుని మళ్ళీ తెరుచుకోవడం లేదు. రాజుగారి నుదుటి మీద చెమట రంగును తోసుకుంటూ కిందికి దిగుతోంది. తెర పక్కకు చూశాను. అందించవలసిన చోట మేడమ్ నిలబడి ఉన్నారు, చేతులు కట్టుకుని. పెదవి కదపలేదు. వీరాస్వామి మాస్టారికి మాత్రం చిన్నగా తల ఊపారు. ఆయన ఒకే మెట్టు మీద వేలు పెట్టి వదలకుండా పట్టుకున్నారు. ఆ శ్రుతి నా కాళ్ళ కిందినుంచి పైకి వచ్చింది. "ఆ..." అని రాగం అందుకున్నాను, ఆ రాగంలోకి ప్రభువు తనంతట తానే వచ్చి పడ్డాడు. "ప్రభూ... మా పొలానికి నీళ్ళు రాలేదూ..." అని మొత్తం పాడేశాను.

ముందు వరసలన్నీ ఒక్కసారిగా "వన్స్‌మోర్!" అన్నాయి. పద్యాలకు వన్స్‌మోర్ విన్నాంగాని, వచనానికి వన్స్‌మోర్ భూమి పుట్టాక అదే మొదలు. క్యూ విని లేచిన మహారాజు, మళ్ళీ లేవడం కోసం మళ్ళీ కూర్చోవలసి వచ్చింది. ఆ కంగారులో వీరాస్వామి మాస్టారు చెమట తుడుచుకోవడానికి పెట్టె మీంచి చెయ్యి తీసేశారు. శ్రుతి లేదు. రాగం లేదు. నేనూ, ఆ వాక్యమూ మిగిలాం.

"ప్ప... ప్ప..." అన్నాను. ఆగింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ ఆగింది. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. ముందు వరసలో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన వెనక్కి తిరిగి వాళ్ళను కసిరి, నావైపు చూసి గట్టిగా అన్నాడు: "తొందరేం లేదు నాయనా, నిదానంగానే చెప్పు. నీళ్ళ కోసం ఆగేవాళ్ళం, మాట కోసం ఆగలేమా?"

ఆగారు. అంతమందీ ఆగారు. నేను ఆగి ఆగి, విరిగి విరిగి, ప్రభూ అన్నాను, పొలం అన్నాను, నీళ్ళు రాలేదన్నాను. పాడలేదు. చెప్పాను. కోటేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. ఈసారి ఆయన తన డైలాగు మరిచిపోలేదు, కళ్ళు తుడుచుకుంటూ చెప్పలేకపోయారు. నేనే ముఖం అటు తిప్పి గుసగుసగా అందించాను.

మర్నాడు పొద్దున రేపల్లె నుంచి తెనాలి బండిలో అందరూ నిద్రపోతున్నారు. కోటేశ్వరరావు గారు కళ్ళు తెరవకుండానే, "వచ్చే ఏడు నాటకం కూడా మేడమ్ గారే ఎంచుతారు. ఎవరికైనా అభ్యంతరమా?" అని తనకు తనే అడిగి, లేదని తనే జవాబిచ్చుకున్నారు. రజియా మేడమ్ కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తున్నారు.

"మేడమ్, మీరు ఎందుకు అందించలేదు?"

"మొదటిసారి పాడావు. అది నాకు ముందే తెలుసు. రెండోసారి పాడకుండా చెప్పావే, అది వినాలనే వచ్చాను," అన్నారు. కళ్ళజోడు సర్దుకుని, "అయినా నాలుగో పద్యంలో శ్రుతి తప్పావు. సిగ్గులేదూ?" అన్నారు.

ఆవిడ రిటైరయ్యారు, కొన్నేళ్ళకు లోకం విడిచి వెళ్ళిపోయారు కూడా. మా సమాజం రాజులూ, బైరాగులూ ఎవరి ఊళ్ళకు వాళ్ళు బదిలీ అయ్యారు. నా నత్తి మాత్రం ఎక్కడికీ బదిలీ కాలేదు. హాస్య ప్రసంగమని పిలిస్తే వెళ్తుంటాను, అందరికంటే నాకే రెట్టింపు టైము ఇవ్వమంటాను. పోయిన నెల బాపట్లలో ఒక సభ. మైకు ముందు నిలబడి నా పేరు నేనే చెప్పబోతే, ఎప్పటిలాగే మొదటి అక్షరం దగ్గర ఆగింది. కార్యకర్త కుర్రాడు మైకు చెడిందనుకుని, వైరు సర్దడానికి పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. పక్కనున్న కుర్చీ చూపించి కూర్చోమన్నాను. మైకు బాగానే ఉంది. మాట వస్తోంది.