తేలిన చుక్క

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ద్రావణాన్ని గాజు గ్లాసులో పోసి కిటికీ దగ్గర పెడితే, ఎండ అందులోంచి దూరి బల్ల మీద నీలంగా పరుచుకుంటుంది. ఈ మధ్య కల్లూరులో ఒక కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడు ఆ నీలాన్నే చూస్తూ కూర్చున్నాను. దాత వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను అందులో వదులుతాం. ద్రావణం సాంద్రతను ముందే సరిచూసి ఉంచుతాం కాబట్టి, హిమోగ్లోబిన్ పన్నెండున్నర గ్రాములు ఉంటే చుక్క మునుగుతుంది, తక్కువైతే తేలుతుంది. ఒక అమ్మాయి చుక్క తేలింది. "నీది పనికిరాదంట, లే" అన్నాడు వరుస చూస్తున్న వలంటీరు. నా ఒళ్ళు మండింది. ఆ మంట నేను పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, నాకు పని నేర్పిన డాక్టర్ సలోమి గారి దగ్గర అంటుకున్నది.

ఆమెది ఖమ్మం. తండ్రి రైల్వేలో ఫిట్టరుగా చేస్తూ, ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారట. ఆయన గొంతే ఈమెకు వచ్చింది. కోపం వచ్చినప్పుడు ఆ గొంతు పెరిగేది కాదు, ప్రతి అక్షరం విడివిడిగా వినిపించేది. భద్రాచలం దారిలో ఒక చిన్న ఆసుపత్రిలో రక్తనిధి ఆమె అధీనంలో ఉండేది. నేను టెక్నీషియన్‌గా చేరిన రోజునే, ఎవరి దగ్గర రక్తం తీసుకోకూడదో చెప్పే నిబంధనలన్నీ బయటికి చదివించారు. ఒక్కొక్కటి చదవగానే "ఎందుకట?" అని అడిగారు. సగానికి నాకు జవాబు తెలియలేదు. "ఎందుకో తెల్వకుంట మనుషుల్ని వాపస్ పంపేటందుకు నువ్వెందుకు పద్మా, గేటుకు తాళమేస్తే సాలదా?" అన్నారు. 'పనికిరాదు' అన్న మాటను ఆ గదిలో ఎవరూ అనడానికి వీల్లేదు. వాడేసిన సూదులు పనికిరావు, చిరిగిన సంచులు పనికిరావు, మనుషుల సంగతి వేరు అనేవారు.

అవి మిర్చి ఏరే రోజులు. ములకలపల్లి అవతల అడవి పక్క ఊరి నుంచి జోగమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆమె కూతురు కాన్పై, రక్తం బాగా పోయి పై వార్డులో ఉంది. బదులుగా ఎవరైనా రక్తం ఇస్తేనే రక్తం సంచి ఇస్తామన్నది మా కౌంటర్ ఆనవాయితీ. జోగమ్మ తానే ఇస్తానని చెయ్యి చాపింది. మోచేతి దాకా పచ్చబొట్లు. కౌంటర్‌లో ఉన్న శేఖర్ చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"టాటూలున్నయి. రూల్ ఒప్పుకోదు. ఇంకెవర్నన్న తీస్కరా."

"ఇంకెవరున్నరు సారూ? అల్లుడు మిర్చి పనికి పోయిండు. కన్నతల్లిని, నా రక్తం నా బిడ్డకు పడదా?"

లోపలి నుంచి సలోమి గారు వచ్చారు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, "ఇవి ఎప్పుడు పొడిపిచ్చుకున్నవక్కా?" అని అడిగారు.

"ఏమో అమ్మా. పాలపండ్లు ఊడకముందే పొడిపిచ్చింది మా అవ్వ."

"శేఖర్, రూల్ చదువు. మొత్తం చదువు."

అతను గోడమీది కాగితం చూసి చదివాడు: గత పన్నెండు నెలలలోపు పొడిపించుకుని ఉంటే.

"ఈ అక్కకు పాలపండ్లు ఊడి పన్నెండు నెలలు కాలేదా?"

వరుసలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సూదితో వచ్చే జబ్బు పరీక్షలో బయటపడటానికి వ్యవధి కావాలి, అందుకే ఆ నిబంధన. అది అడిగేది ఎప్పుడు పొడిపించుకున్నారని. మచ్చ ఉందా లేదా అని కాదు. అదే వరుసలో పొడుగు చేతుల చొక్కాలు వేసుకున్నవారిని ఎవరూ ఆ ప్రశ్నే అడగలేదు.

జోగమ్మ వేలి చుక్కను గ్లాసులో వదిలాను. అది పైనే నిలిచింది. ఆమె ముఖం వెలిగింది.

"తేలింది గదమ్మా!"

"తేలొద్దక్కా, మునగాలె" అన్నాను.

"గోదారి నీళ్ళల్ల బతికేటోళ్ళం, మునిగితే మంచిదంటవేందే పిల్లా?"

యంత్రంలో మళ్ళీ చూశాను. ఏడున్నర. ఈసారి నిబంధన న్యాయమైనదే. అది ఆమెను కాపాడటానికి రాసినదే. సలోమి గారు పక్కన కూర్చుని చెప్పారు: "నీ రక్తం నీకే సాల్తలేదక్కా. తీస్తే పడిపోతవ్."

"పడితే పడ్త. నా బిడ్డ నిలబడాలె."

"నీ బిడ్డకు సంచి నేనిస్త. నువ్వు కూసో."

బదులు లేకుండా ఇస్తే నిల్వ ఏమవుతుందని శేఖర్ గొణిగాడు. "నిల్వ నింపుడు మన పని. ఆమె పని కాదు" అని సలోమి గారు సంతకం చేశారు. నేను కూతురి రక్తంతో సరిపోలిక పరీక్ష చేశాను, సంచి పైకి వెళ్ళింది. సాయంత్రానికి కూతురు కళ్ళు తెరిచి గంజి అడిగింది.

అప్పుడు జోగమ్మను సలోమి గారే వెంటబెట్టుకుని ఓపీకి తీసుకెళ్ళి, చూపించి, మాత్రలు ఇప్పించారు. ఆ మాత్రలు కొంగున కట్టుకుంటూ జోగమ్మ అడిగింది. కసురుకోలేదు, తెలుసుకుందామనే అడిగింది.

"ముగ్గురు పిల్లల్ని కన్న. జరమొచ్చినప్పుడల్ల దవాఖానకు పోయిన. నా ఒంట్ల రక్తం లేదని ఒక్కరు చెప్పలే. మీరు తీస్కునేటప్పుడే చూస్తరా అమ్మా?"

సలోమి గారు "అవ్ అక్కా, తీస్కునేటప్పుడే చూసినం" అన్నారు.

ఆమె జోగమ్మను అంతకుముందు ఎన్నడూ చూసి ఎరగరు. తప్పును ఆ ఊరి ఆసుపత్రి మీదికో, పైవాళ్ళ మీదికో నెట్టేసి ఉండవచ్చు. 'చూసినం' అని తనను కూడా కలుపుకుని ఒప్పుకున్నారు.

సలోమి గారు ఇప్పుడు లేరు. మేం నేటికీ రక్తం ఇచ్చినవారికి పళ్ళరసం, బిస్కెట్లు, ధ్రువపత్రం ఇస్తున్నాం. రక్తం లేదని తేలినవారిని ఉత్తచేతులతో ఎండలోకి పంపుతున్నాం. మందులకు ఎక్కడికి వెళ్ళాలో చెప్పే మనిషిని ప్రతి శిబిరంలోనూ కూర్చోబెట్టాలని నేను అడిగిన ప్రతిసారీ, అది మన పరిధిలోనిది కాదంటారు. అందుకని నేనే లేచి వెళ్ళి చెబుతాను. కొందరు వింటారు, కొందరు బస్సు వేళైందని వెళ్ళిపోతారు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు జోగమ్మ అడిగినదే అడుగుతారు. అవునని చెప్పే వంతు ఇప్పుడు నాది. చెప్పిన ప్రతిసారీ సిగ్గుతో ముఖం కాలుతుంది. ఆ సిగ్గు కాల్చడం ఆగిపోయిన రోజున ఈ ఉద్యోగం మానేస్తాను.